గేరు మారిస్తే బండి కుదుపుతోందా? మా నాన్న చక్రం వెనక రాయి పెట్టి నేర్పారు

కారు నేర్చుకుని నెలైంది, ఒకటి నుంచి రెండో గేరుకి వేసిన ప్రతిసారీ బండి కుదుపుతోంది, ఇంట్లోవాళ్ళేమో ఇది అమ్మేసి ఆటోమేటిక్ కొనుక్కోమంటున్నారు, ఏం చెయ్యాలి అని అడిగారు కదా. అమ్మకండి. ముందు ఆ మాట చెప్పేశాకే మిగతాది, ఎందుకంటే ఇదే బాధ నేను 2006లో పడ్డాను, మూడు వారాల్లో బయటపడ్డాను.

మాది వైజాగ్. అప్పుడు మా ఊళ్ళోనే ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను, పేరెందుకులెండి. పదిహేను రోజులు, రోజుకి అరగంట, ఆ అరగంటలో కూడా వెనక ఇంకో ఇద్దరు కూర్చునేవారు వాళ్ళ వంతు కోసం. నేర్పే ఆయన కాళ్ళ దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి కదా, నేను తడబడేలోపే ఆయన కాలు పడిపోయేది. గేరు నేను మారుస్తున్నా అనుకునేదాన్ని, క్లచ్ నొక్కిందీ వదిలిందీ ఆయన. "సూపర్ మేడమ్, చాలా స్మూత్‌గా వేస్తున్నారు" అనేవాడు పైగా. లైసెన్స్ కూడా వచ్చేసింది. ఆ తర్వాత ఇంట్లో ఉన్న పాత మారుతి 800 తీసి మొదటిరోజు వీధి చివరికి వెళ్ళేలోపు నాలుగుసార్లు ఆగిపోయింది. డబ్బులు తీసుకుని నేర్పకుండా పంపించడం అంటే ఇదే, ఇప్పటికీ నాకు ఆ కోపం పోలేదు. క్లచ్ అనేది ఎడమకాలికి తెలియాల్సిన విషయం, పక్కవాడి కాలు నేర్చుకుంటే మనకేం వస్తుంది?

మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. చాలా ఏళ్ళు పాడేరు రూటు చేశారు, ఘాట్ రోడ్డు, సంత రోజైతే బస్సులో కాలు పెట్టే చోటుండదు, గంపలు, కోళ్ళు, చంటిపిల్లలు, మధ్యలో ఏ కడ్డీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టే కండక్టరు. గేరు సరిగ్గా పడకపోతే ముందు పడేది ఆ కండక్టరే అనేవారు నాన్న. ఆయన మొదట్లో నడిపిన బస్సులకి సింక్రోమెష్ లేదు, అంటే గేరు పళ్ళ వేగాల్ని దానంతటదే కలిపే ఏర్పాటు లేదు, డబుల్ క్లచ్ కొట్టాలి, అంటే న్యూట్రల్లోకి తెచ్చి క్లచ్ వదిలి మళ్ళీ నొక్కి అప్పుడు గేరు వెయ్యాలి. ఇంజన్ సౌండ్ వినకుండా గేరు వేస్తే పళ్ళు కరకరమనేవి. మనకి ఇప్పుడు కార్లలో ఆ పని గేరుబాక్సు లోపలి రింగులు చేసేస్తున్నాయి కాబట్టి వినడం మానేశాం, అదీ అసలు తేడా.

ఒక ఆదివారం పొద్దున్నే నాన్న నన్ను మా కాలనీ వెనక ఉన్న ఎత్తు రోడ్డుకి తీసుకెళ్ళారు. వైజాగ్‌లో ఎత్తుపల్లాలకి కొదవేముంది. సగం ఎక్కాక ఆపమన్నారు, హ్యాండ్‌బ్రేకు వెయ్యమన్నారు, దిగి వెళ్ళి రోడ్డు పక్కన కొబ్బరికాయంత రాయి ఒకటి తెచ్చి వెనక చక్రం కింద తోశారు. లారీ క్లీనర్లు పెడతారే, అలా. వచ్చి పక్కన కూర్చోలేదు, ఆ చక్రం దగ్గరే పక్కకి జరిగి గొంతుక్కూర్చున్నారు. "ఇప్పుడు హ్యాండ్‌బ్రేకు తీసీ. బండి ఎనక్కి ఎల్లదు, రాయుంది. బ్రేకు మర్చిపో" అన్నారు. చెప్పులు విప్పేయమన్నారు, మడమ కింద ఆనించమన్నారు. మొదటి గేరు వేసి, ఆక్సిలరేటర్ కొంచెం ఇచ్చి ఆ సౌండ్ కదలకుండా ఒకేలా పట్టుకుని, క్లచ్ పైకి తేవాలి. తెచ్చాను, ఆగిపోయింది. మళ్ళీ. ఆగిపోయింది. "గబుక్కున ఒగ్గీకమ్మా, కాగితం మందం ఒగ్గు, మళ్ళీ కాగితం మందం ఒగ్గు" అన్నారు.

ఏ ఆరోసారో ఏడోసారో ఇంజన్ సౌండ్ ఉన్నట్టుండి బరువెక్కింది, బానెట్ ముక్కు కొద్దిగా పైకి లేచినట్టైంది, కాలి కింద పెడల్ సన్నగా వణికింది. "అక్కడే ఉంచు!" అని నాన్న అరిచారు. బండి ముందుకీ వెళ్ళలేదు, వెనక్కీ రాలేదు. ఆయన రాయిని వేలితో తోస్తే అది దొర్లింది. నాకు అద్దంలో కనిపిస్తూనే ఉంది. అప్పటిదాకా బండి బరువంతా మోసిన రాయి ఇప్పుడు ఖాళీగా ఉంది, ఆ బరువు నా ఎడమకాలి మీద ఉంది. ఆ రోజు దాదాపు గంటసేపు అదే పని, రాయి పెట్టడం, వదులు చెయ్యడం. క్లచ్ ప్లేటు మాడిన వాసన వస్తే ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ. ఒక్క గేరు కూడా మార్చలేదు ఆ రోజు. మర్నాడు సమంగా ఉన్న రోడ్డు మీద రెండో గేరు వేస్తే సగం కుదుపు దానంతటదే పోయింది.

మిగతా సగం గురించి చెప్తా. మొదటి గేరుకీ రెండోదానికీ మధ్య ఇంజన్ వేగంలో తేడా మిగతా గేర్ల కంటే ఎక్కువ. బండి అదే స్పీడులో ఉన్నా ఇంజన్ తిరగడం మాత్రం దాదాపు సగానికి పడిపోవాలి, అది పడేలోపు మీరు క్లచ్ వదిలేస్తే బండి ముందుకి ఉరుకుతుంది, మరీ ఆలస్యం చేస్తే వెనక్కి పట్టి లాగినట్టు ఉంటుంది. మొదటి గేరు పదీ పదిహేను కిలోమీటర్ల స్పీడు దాటనివ్వకండి, ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసి, క్లచ్ పూర్తిగా నొక్కి, గేరు న్యూట్రల్ దాకా లాగి, మనసులో కండక్టరులా "రైట్" అనుకోండి, ఆ ఒక్క మాటంత సేపు, తర్వాత రెండులోకి. క్లచ్ వదిలేటప్పుడు ఆ బరువెక్కే చోట ఒక్క క్షణం ఆగి అప్పుడు మిగతాది వదలండి. నేను ఇప్పటికీ ట్రాఫిక్‌లో "రైట్" అనుకుంటూనే నడుపుతా. గేరు రాడ్‌ని పిడికిలితో బిగించి పట్టుకోవద్దు, అరచేతితో నెడితే చాలు, దాని దారి దానికి తెలుసు. గేరు తగ్గించేటప్పుడు మాత్రం ఉల్టా, క్లచ్ వదిలేముందు కాస్త ఆక్సిలరేటర్ ఇవ్వాలి.

ఇక ఆటోమేటిక్ సంగతి. మన దగ్గర తక్కువ ధరలో వస్తున్నవి చాలావరకు ఏఎంటీలు, అంటే ఆటోమేటెడ్ మాన్యువల్ గేరుబాక్సువి. 2014లో మారుతి సెలేరియో కారుతో మొదలైంది ఆ ఒరవడి, అదే ఏడాది మారుతి 800 తయారీ ఆగిపోయింది, నాకు అది బాగా గుర్తు. ఏఎంటీలో కూడా ఉండేది ఇదే క్లచ్, ఇదే గేరుబాక్సు, మీ కాలూ చెయ్యీ చేసే పని ఒక యంత్రం చేస్తుంది అంతే, అది కూడా గేరు మారినప్పుడు తల ముందుకి ఊపుతుంది. కుదుపు తప్పించుకోవడానికి అంత డబ్బు పోసి మళ్ళీ కుదుపే కొనుక్కోవడం నాకు అర్థం కాదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కొనుక్కోవచ్చు, నేను కాదనను. నేర్చుకునే ఓపిక ఉన్న మనిషిని భయపెట్టి కొనిపించడమే నాకు నచ్చదు. ఎర్ర ఎల్ బోర్డు కనిపించగానే వెనకనించి హారన్ కొట్టేవాళ్ళు ఉన్నారే, సగం మంది ఆడవాళ్ళు స్టీరింగ్ వదిలేసింది వాళ్ళ వల్లే. రెండు సెకన్లు ఆగితే ఏం పోతుందండీ?

మూడో వారంలో అమ్మానాన్నల్ని సింహాచలం కొండ మీదకి నేనే తీసుకెళ్ళాను. దిగేటప్పుడు వెనక సీట్లో అమ్మ ఒళ్ళో సంపెంగల పొట్లం పెట్టుకుని నిద్రపోయింది, మలుపుల్లో మూడుకీ రెండుకీ ఎన్నిసార్లు మార్చానో, కళ్ళు తెరవలేదు. నాన్న అద్దంలో అమ్మని చూసి నాకేసి చూశారు.

మీరు కూడా రాయి పద్ధతి చేసి చూడండి, ఖాళీ రోడ్డులో, బయట ఒక తెలిసిన మనిషి ఉండగా, ఆ మనిషి చక్రానికి ఎదురుగా కాకుండా పక్కకి ఉండేలా. అయిపోయాక ఆ రాయి తీసి రోడ్డు పక్కన పడేయండి. లారీలవాళ్ళు నడిరోడ్డు మీద వదిలేసిపోయిన రాళ్ళకి రాత్రిపూట బైకులవాళ్ళు ఎంతమంది పడ్డారో నాన్న పాడేరు రోడ్డులో చూశారు. ఆ రోజు కూడా రాయిని రెండు చేతులా ఎత్తి కాలవ అవతల పెట్టాకే కారెక్కారు.