సమాధానం: కోట తలుపు తెరుచుకోకపోవడానికి కారణం దూరమే

తమ్ముడూ, బ్లాకులతో కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లో మన విజయనగరం కోట కడుతున్నావంటే నిజంగా ముచ్చటేసింది. 1713 నాటి కోట అది, ఆ సింహద్వారం దగ్గరే నేనూ పెరిగాను.

లీవర్ (స్విచ్) నుంచి ఇనుప తలుపు దాకా 22 బ్లాకులు రెడ్‌స్టోన్ పొడి, అదే కరెంటు తీగలా సిగ్నల్ మోసే పొడి, పరిచానన్నావు, అయినా తలుపు కదలట్లేదన్నావు. పొడిలో సిగ్నల్ 15 బ్లాకులే పోతుంది. లీవర్ పక్కన ఎర్రగా మెరిసే గీత రానురాను మసకబారి, పదహారో దగ్గర పూర్తిగా ఆరిపోతుంది, దగ్గరికెళ్లి చూడు. ఆ పదహారో చోట పొడి తీసేసి రిపీటర్ పెట్టు. అక్కణ్ణుంచి సిగ్నల్ మళ్లీ పూర్తి బలంతో బయల్దేరుతుంది. పెట్టేటప్పుడు నీ ముఖం తలుపు వైపే ఉండాలి. తిరగేసి పెడితే సిగ్నల్ అసలు దాటదు.

ఇక రిపీటర్ తయారవట్లేదన్నావు కదా, నువ్వు వేస్తున్నది కాబుల్‌స్టోన్ (గరుకు రాయి) అయ్యుంటుంది. మొదట్లో అందరూ ఇక్కడే ఆగిపోతారు. దాన్ని ఫర్నేస్‌లో (కొలిమిలో) ఒకసారి కాలిస్తే మామూలు స్టోన్ వస్తుంది, అదే కావాలి. క్రాఫ్టింగ్ టేబుల్‌లో కింది వరసలో మూడు స్టోన్‌లు పెట్టి, మధ్య వరసలో అటొకటి ఇటొకటి రెడ్‌స్టోన్ టార్చులు, వాటి నడుమ చిటికెడు పొడి వెయ్యి. టార్చ్‌కి ఒక కర్ర, దాని మీద పొడి, అంతే.

పొడి చాలకపోతే టెన్షన్ పడకు. ఇనుప పికాక్స్‌తో తవ్వితే ఒక్కో రెడ్‌స్టోన్ ఓర్‌కి (ఖనిజపు బ్లాకుకి) నాలుగైదు పొడులు వస్తాయి. రాతి పికాక్స్‌తో మాత్రం కొట్టకు, ఓర్ పోతుంది, పొడి రాదు.

తలుపు తెరుచుకున్నాక స్క్రీన్‌షాట్ పెట్టు, చూడాలనుంది.