సందేహాలు – సమాధానాలు: సీతాకోకచిలుక ఆటవెలదిలో ఎందుకు ఇమడదు?

ప్రశ్న: బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు తెలుగు చెబుతున్నాను. చుట్టుపక్కల కనబడే పిట్టలు, పురుగులు, పిచ్చిపూల మీద సరదా ఆటవెలదులు కట్టి నేర్పుతున్నా. సీతాకోకచిలుక ఎంత తిప్పినా గణాల్లో (పాదాన్ని కొలిచే అక్షరాల గుంపుల్లో) పడటం లేదు. ‘సీతకోకచిలుక’ అని రాయొచ్చా? ‘కాకి వచ్చి బైటి గ్రిల్లుపై కూర్చుండి, పెరుగుమిరపకాయ పీకి నమిలె, మంట పుట్టి నోట మాటాడలేకుండ, తొట్టిలోన మునిగె తోకదాక’ అని ఒకటి రాశాను. ఇందులో ‘గ్రిల్లు’ వల్ల దాని ముందున్న ‘టి’ గురువు (పొడుగ్గా లెక్కించే అక్షరం) అయిపోతుందా?

సమాధానం: అమ్మా, ముందుగా మీ పద్యం నాకు బాగా నచ్చింది. తోకదాక తొట్టిలో మునగడం దగ్గర పిల్లలు పడీ పడీ నవ్వి ఉంటారు.

మీ టెన్షన్ అంతా ‘టి’ గురించి, కానీ దానికి ఏమీ కాలేదు. తెలుగులో రెండు మాటలు విడివిడిగా ఉన్నప్పుడు, రెండోది సంయుక్తాక్షరంతో మొదలైనా మొదటి మాట చివరి అక్షరం లఘువుగానే, అంటే పొట్టిగా లెక్కించే అక్షరంగానే ఉంటుంది. అదే సంస్కృత సమాసమైతే మారుతుంది, కోకిలకు ‘వనప్రియ’ అనే పేరుంది చూడండి, అందులో ‘న’ గురువే. కాబట్టి ‘బైటి గ్రిల్లు’లో గణం చెడలేదు. చెడింది యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు. ‘కా’కి నాలుగో గణం మొదట్లో ‘గ్రి’ పెట్టారు, క–గ హల్లులు కలిసినా ‘ఆ’కారానికి ‘ఇ’కారంతో మైత్రి లేదు.

ఇంకొక విషయం, ఇది ఛందస్సుది కాదు గాని చెప్పకుండా ఉండలేను. పక్షులకు మిరప ఘాటు తెలియదు. కారం పుట్టించే క్యాప్సైసిన్ మన నోటిని మండించినట్టు వాటి నోటిని మండించదు, అందుకే పిట్టలు మిరపపండ్లు హాయిగా మింగి గింజల్ని ఎక్కడెక్కడో వేసి వస్తాయి. మంట మనుషులకీ ఉడుతలకీ ఎలుకలకీ. పిల్లలు ఈ పద్యాన్ని పెద్దయ్యాక కూడా మరిచిపోరు కాబట్టి, కాకిని తీసి ఉడుతను పెడదాం, గ్రిల్లు బదులు ఊచ అందాం, అప్పుడు యతీ తనంతట తానే కుదురుతుంది:

ఉడుత వచ్చి బైటి యూచపై కూర్చుండి
పెరుగుమిరపకాయ పీకి నమిలె
మంట పుట్టి నోట మాటాడలేకుండ
తొట్టిలోన మునిగె తోకదాక

తోక కూడా ఇప్పుడు తోకలా ఉంది.

ఇక సీతాకోకచిలుక. సీ, తా, కో – వరసగా మూడు గురువులు. ఆటవెలదిలో రెండు, నాలుగు పాదాలన్నీ సూర్యగణాలే, అంటే న (మూడు లఘువులు), హ (గురువు, లఘువు) గణాలే, వాటిలో రెండు గురువులు పక్కపక్కన రావు. ఒకటి, మూడు పాదాల చివరనున్న రెండు ఇంద్రగణాల్లో (సూర్యగణాలకన్నా కాస్త పెద్దవి) ఎక్కించాలంటే ఒకే ఒక్క దారి – ‘రంగుసీ, తాకోక’ అని పాదం ముగించి ‘చిలుక’ను కింది పాదానికి దించడం. లక్షణం ఒప్పుకుంటుంది, కానీ పాదం చివర చప్పట్లు కొట్టే పిల్లల నోట్లో సీతాకోక ఒక చోట, చిలుక ఒక చోట పడతాయి.

‘సీతకోకచిలుక’ తప్పేమీ కాదు. కోక అచ్చ తెలుగు మాట, సీత దానితో కలిస్తే సీతమ్మలో లాగా హ్రస్వంగా ఉండటమే సహజం. మూడు సూర్యగణాలకు కొలిచినట్టు సరిపోతుంది కూడా. అయినా పిల్లలు రోజూ వినేది సీతాకోకచిలుకనే, పేరు నేర్పడానికే పద్యం కడుతున్నప్పుడు పేరునే కుదించడం నాకిష్టం లేదు. పేరు అలాగే ఉంచి ఛందస్సు మార్చండి. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు ఉంటాయి కదా, మీ సీతాకోకచిలుక వచ్చి వాలడానికే అన్నట్టు ఉంటుంది ఆ వరస:

జిలుగురంగు సీతాకోకచిలుక వచ్చె
తుమ్మిపూవుల తేనెకై తొందరపడి

జిలుగు, రంగుసీ, తాకోక, చిలుక, వచ్చె. ‘జి’కి ‘చి’తో యతి. తుమ్మిపూలు మీ దగ్గర ఖాళీ సైట్లలో బోలెడు ఉంటాయి, తెల్లగా, చిన్నగా. పక్కింటి కన్నడ పిల్లలు తుంబె అంటారు. మిగతా రెండు పాదాలూ నేను రాయను, అవి మీ పిల్లలు కట్టాలి.

మిగతా జీవాలతో మీకు ఇంత కష్టం ఉండదు. కాకి, కొంగ, గద్ద, తొండ, ఉడుత, చిలుక – ఒక్కొక్కటీ ఒక సూర్యగణం. పాలపిట్ట, గోరువంక, తేనెపిట్ట, పిగిలిపిట్ట, జెముడుకాకి, హెబ్బాళ చెరువు మీద కనబడే గూడబాతు (పెలికాన్) – ఇవన్నీ రెండేసి. అందులో పాలపిట్టను తప్పకుండా తీసుకోండి, అది తెలంగాణకూ కర్ణాటకకూ కూడా రాష్ట్రపక్షే, కన్నడంలో నీలకంఠ అంటారు. పిచ్చుక, కోకిల భగణాలు (గురువు, రెండు లఘువులు) కాబట్టి ఆటవెలదిలో కాస్త మొండికేస్తాయి. వాటికి మన పెద్దవాళ్ళు ఎప్పుడో మందు కనిపెట్టారు: పిచ్చుకమ్మ, కోకిలమ్మ అని ముద్దుగా పిలవండి, రెండు హగణాలై కూర్చుంటాయి.

పార్కు, బాల్కనీ, లాల్‌బాగు లాంటివి నిరభ్యంతరంగా వాడండి. ‘పార్కు’ హగణం, ‘బాల్కనీ’ రగణం (గురువు, లఘువు, గురువు), ‘లాల్‌బాగు’ తగణం (రెండు గురువులు, లఘువు). ‘మెట్రో’ ఒక్కటే రెండు గురువులతో ఇబ్బంది పెడుతుంది, ‘మెట్రోకి’ అంటే తగణమై బేసి పాదం చివర దిగుతుంది. ఆ గూడబాతును ఒకసారి మెట్రో ఎక్కించి చూడండి, పద్యం వస్తే నాకూ పంపండి.