దేశ రక్షణకు కావలసింది కార్ల కంపెనీలోని టూల్ రూం

ప్రశ్న ఇది: అమెరికాలో విదేశీ కంపెనీలు ఎలాగూ కార్లు తయారుచేస్తున్నాయి కదా, జీఎం (జనరల్ మోటార్స్), ఫోర్డ్ లాంటి సొంత కంపెనీలు ఉన్నా పోయినా ఆ దేశ రక్షణకి, ఆర్థిక వ్యవస్థకి తేడా ఏముంది?

తేడా ఉంది, చాలా ఉంది. కానీ అందరూ చెప్పే కారణం వల్ల కాదు. యుద్ధమొస్తే కార్ల ఫ్యాక్టరీలో ట్యాంకులు చేసుకోవచ్చనేది ఇవాళ నిలబడే మాట కాదు. కారు బాడీ రేకు మందం 0.7, 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ రేకును నొక్కే ప్రెస్సులు, అతికే స్పాట్ వెల్డింగ్ రోబోలు మందపాటి కవచపు ఉక్కు దగ్గర చేతులెత్తేస్తాయి. ఆ ఉక్కును ముందు వేడిచేసి, హైడ్రోజన్ తక్కువుండే, తేమ తగలని ఎలక్ట్రోడ్లతో (వెల్డింగ్ కడ్డీలతో) పొర మీద పొరగా వెల్డు చెయ్యాలి. ఎలక్ట్రోడ్లను ఓవెన్లో పెట్టకుండా బయట వదిలేస్తే, వెల్డు చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ మర్నాటికి దాని పక్కన సన్నటి పగులు తేలుతుంది. బాడీ షాపు, పెయింట్ షాపు, చివరి అసెంబ్లీ లైను అంటూ టీవీలో చూపించే ఈ మూడూ రక్షణ పనికి అతి తక్కువగా అక్కరకొచ్చేవి.

అక్కరకొచ్చేవి వెనకాల ఉంటాయి. ఇంజన్, గేర్‌బాక్స్ భాగాలు కోసే సీఎన్‌సీ సెంటర్లు (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే యంత్రాలు), పోత పోసే ఫౌండ్రీ, గేర్లకి హీట్ ట్రీట్‌మెంట్ చేసే ఫర్నేసులు, డైలూ (రేకును నొక్కే అచ్చులు), ఫిక్చర్లూ (కోసేటప్పుడు ముక్కను కదలకుండా పట్టేవి) చేసే టూల్ రూం. సీఎన్‌సీ సెంటర్‌కి ఫిక్చర్, ప్రోగ్రాం, టూలింగ్ మారిస్తే వేరే భాగం కోస్తుంది. వరుసగా పేర్చిన యంత్రాల మీదుగా ముక్కను జరిపే పాతకాలపు ట్రాన్స్‌ఫర్ లైన్ అయితే ఒక్క ఇంజన్ బ్లాకు కోసమే పుట్టింది, దాన్ని మార్చడం కంటే తీసెయ్యడం తేలిక. గేర్ల సంగతైతే ఇంకా కష్టం. కార్బరైజ్ చేసి (పైపొరలోకి కార్బన్ ఎక్కించి) చల్లార్చగానే పళ్లు వంకరపోతాయి. ఎంత వంకరపోతుందో ముందే లెక్కగట్టి, ఇంకా గట్టిపడకముందే ఆ మేరకు తేడాగా కోసే మనిషి కావాలి. అలాంటి మనిషిని యుద్ధమొచ్చాక వెతుక్కుంటే దొరకడు.

ఈ విషయం అర్థం కావాలంటే రెండో ప్రపంచ యుద్ధంలో మెర్లిన్ ఇంజన్ కథ చాలు. స్పిట్‌ఫైర్, లాంకాస్టర్ విమానాలను నడిపిన ఈ ఇంజన్ రోల్స్ రాయిస్ వాళ్లది. మాంచెస్టర్‌లోని ట్రాఫర్డ్ పార్కులో దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసే పని బ్రిటన్‌లోని ఫోర్డ్‌కి అప్పజెప్పారు. రోల్స్ రాయిస్ డ్రాయింగులు చూసిన ఫోర్డ్ ఇంజనీరు ఒకరోజు వచ్చి, వీటి ప్రకారం మేం ఈ ఇంజన్ చెయ్యలేం అన్నాడు. అక్కడే ఉన్న రోల్స్ రాయిస్ ఇంజనీరు స్టాన్లీ హుకర్, టాలరెన్సులు (కొలతలో ఒప్పుకునే తేడాలు) మరీ బిగుతుగా ఉండి కార్లవాళ్లకి అందడం లేదేమో అనుకున్నాడు. అసలు సంగతి దానికి నేరుగా వ్యతిరేకం. టాలరెన్సులు మరీ వదులుగా ఉన్నాయి, మా కార్ల ఇంజన్లే ఇంతకన్నా కచ్చితంగా చేస్తాం అన్నాడు ఫోర్డ్ మనిషి.

అందులో గొప్పలేమీ లేవు. రోల్స్ రాయిస్‌లో కొలతలో మిగిలిన తేడాను అనుభవమున్న ఫిట్టరు ఆకురాయితో రాకి, జోడీ కుదిరేదాకా సరిచేసేవాడు. ఫోర్డ్ లైనులో ఆ ఫిట్టరు ఉండడు. ఏ డబ్బాలోంచి ఏ ముక్క తీసినా తిన్నగా కూర్చోవాలి. అందుకని డ్రాయింగులన్నీ కొత్తగా గీశారు, ప్రతి కొలతకీ గేజీలు చేశారు. దానికే దాదాపు ఏడాది పట్టింది. ఆ తర్వాత వారానికి నాలుగొందల ఇంజన్ల దాకా వచ్చాయి, మొత్తం 30 వేలు దాటాయి. చేసినవాళ్లలో చాలామంది అంతకుముందు ఇంజన్ ముట్టుకున్నవాళ్లు కారు. స్వీడన్ వాళ్ల 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ విమాన విధ్వంసక తుపాకిని అమెరికాలో క్రైస్లర్ కార్ల కంపెనీ చేపట్టినప్పుడూ ఇదే తంతు. ఆ డ్రాయింగుల మీద, బిగించేటప్పుడు రాకి సరిపెట్టుకోవాలని రాసి ఉండేది. క్రైస్లర్ దాన్ని తిరగగీసి దాదాపు 60 వేల తుపాకులు చేసింది.

ఇక యాజమాన్యం ఎవరిదైతే ఏంటన్న భాగానికొస్తే, దానికీ జవాబు మెర్లిన్ దగ్గరే ఉంది. 1940లో అదే ఇంజన్‌ను అమెరికాలో చెయ్యమని అడిగితే, బ్రిటన్ కోసం చెయ్యనని హెన్రీ ఫోర్డ్ తిరస్కరించాడు. జీఎం అధ్యక్ష పదవి వదిలి ప్రభుత్వ రక్షణ కమిషన్‌లో చేరిన విలియం నడ్సెన్ ఆ పని ప్యాకార్డ్ అనే మరో అమెరికన్ కార్ల కంపెనీకి ఇప్పించాల్సి వచ్చింది. చూడండి, మాంచెస్టర్ ఫ్యాక్టరీ ఉన్న కంపెనీలోనూ పెద్ద వాటా అమెరికా ఫోర్డ్‌దే. అయినా బ్రిటన్ నేల మీదున్న ఫ్యాక్టరీ బ్రిటన్‌కి పనిచేసింది. సముద్రం అవతలున్నది యజమాని ఇష్టప్రకారమే నడిచింది. కాబట్టి నా లెక్కలో జెండా కన్నా నేల ముఖ్యం. అయితే ఆ నేల మీద బిగించే పని మాత్రమే ఉంటే చాలదు. డ్రాయింగు మార్చే అధికారం కూడా అక్కడే ఉండాలి. బోల్టు గ్రేడు మార్చాలన్నా వేరే ఖండంలోని ఆఫీసు సంతకం కావాల్సిన ఫ్యాక్టరీ యుద్ధంలో గోడౌనుతో సమానం. ఈ కొలతతో చూస్తే, ఒహాయోలో డిజైన్, టెస్టింగ్ కూడా చేసుకునే హోండా, చైనాలో తయారై 2016 నుంచి అమెరికాకి దిగుమతైన జీఎం కారు బ్యూక్ ఎన్విజన్ కన్నా ఎక్కువ దేశీయం. 2019లో అమెరికా ప్రభుత్వం అమెరికన్ యాజమాన్యంలోని కంపెనీల పరిశోధననే దేశ భద్రతతో ముడిపెట్టడం నాకు అందుకే నచ్చలేదు.

కార్లవాళ్లుంటే చాలు, అన్నీ అవే జరిగిపోతాయని కూడా అనుకోకూడదు. మిషిగన్‌లోని విల్లో రన్‌లో ఫోర్డ్ బీ-24 బాంబర్లు చేయబోయి మొదట్లో బాగా దెబ్బతింది. విమానాలవాళ్లు మెత్తటి జింక్, సీసం డైలు వాడేవారు, డిజైన్ మారితే కరిగించి మళ్లీ పోసుకునేవారు. ఫోర్డ్ కార్ల అలవాటుతో గట్టి ఉక్కు డైలు చేసింది. సైన్యం డిజైన్ మారుస్తూ పోవడంతో, నెలల తరబడి కోసిన డైలు వాడకముందే పనికిరాకుండా పోయాయి. 1942 ముగిసేసరికి 56 విమానాలే పూర్తయ్యాయి. చివరికి డిజైన్‌ను కొన్ని విమానాల చొప్పున కదపకుండా ఉంచి, మార్పులను తర్వాత వేరే కేంద్రాల్లో చేయించడం మొదలుపెట్టాకే దారిలో పడింది. 1944కల్లా గంటకో విమానం వచ్చింది, మొత్తం 8,685. భారీ ఉత్పత్తి కావాలనుకునే సైన్యం ముందు తన డిజైన్‌ను కదపకుండా ఉంచడం నేర్చుకోవాలి. ఇప్పటికీ ఆ అలవాటు అంతంతమాత్రమే.

తేలిక వాహనాల్లో మాత్రం లాభం నేరుగా కనిపిస్తుంది. జీఎం 2003లో తన రక్షణ విభాగాన్ని జనరల్ డైనమిక్స్‌కి అమ్మేసి, 2017లో మళ్లీ తెరిచింది. 2020లో 649 సైనిక వాహనాలకి 21.4 కోట్ల డాలర్ల కాంట్రాక్టు వచ్చింది. షెవర్లే కొలరాడో జడ్ఆర్2 పికప్ ఆధారంగా చేసిన ఆ వాహనంలో 90 శాతం బజార్లో దొరికే భాగాలే. అదే సైన్యం కోసమే ప్రత్యేకంగా చేసిన వాహనంలో విడిభాగం అయిపోతే, సరఫరాదారు ఆ చిన్న ఆర్డరు కోసం డై బయటికి తీసి ప్రెస్సుకెక్కించేదాకా వాహనం షెడ్డులో పడి ఉంటుంది.

ఆర్థిక వ్యవస్థ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2008లో ఫోర్డ్ అధిపతి అలన్ ములాలీ తన పోటీదారులకి సాయం చెయ్యమని కాంగ్రెస్ ముందు వాదించాడు. అది ఉదారత కాదు. సరఫరాదారులు ఉమ్మడి కాబట్టి జీఎం కూలితే ఫోర్డ్ లైను కూడా ఆగుతుందని అతనికి తెలుసు. ఒక్క సరఫరాదారు ఆగితే ఏమవుతుందో ముందే కాదు, తర్వాత కూడా కనబడింది: 2012లో జర్మనీలోని మార్ల్‌లో ఒక రసాయన ప్లాంటు పేలితే, ఇంధన, బ్రేకు పైపులకు వాడే పీఏ-12 అనే నైలాన్‌కి ప్రపంచమంతా కటకటపడింది. బదులు ప్లాస్టిక్ దొరకడం ఒక ఎత్తు, దానికి పరీక్షలు చేసి ఆమోదం తెచ్చుకోవడం ఇంకో ఎత్తు.

మరి ప్రభుత్వం ఏం కాపాడాలి? 2025 ఏప్రిల్‌లో అమెరికా దిగుమతి కార్ల మీద 25 శాతం సుంకం వేసింది, తర్వాత కొన్ని దేశాలకి తగ్గించింది. దానివల్ల అసెంబ్లీ లైన్లు పెరగొచ్చు గానీ డై షాపులకి ఒరిగేది తక్కువ. వాటిని చంపుతున్నది చెల్లింపుల పద్ధతి. చాలా కంపెనీలు డైకి డబ్బు పీపీఏపీ (విడిభాగం ఉత్పత్తికి సిద్ధమని కార్ల కంపెనీ ఇచ్చే) ఆమోదం తర్వాతే ఇస్తాయి. అంటే ఉక్కు కొని, కోసి, ట్రయౌట్ చేసి (డైతో ముక్కలు నొక్కి చూసి), విడిభాగం కొలతలు నెగ్గేదాకా నెలల తరబడి ఖర్చంతా ఆ చిన్న షాపుదే. ఈలోగా కార్ల కంపెనీ మోడల్ వాయిదా వేస్తే, చెయ్యని తప్పుకి షాపు అప్పులపాలవుతుంది. ఆర్డరు మీద మూడో వంతు, మొదటి ట్రయౌట్ ముక్కలు చూపించగానే ఇంకో మూడో వంతు, ఆమోదం వచ్చాక మిగతాది ఇవ్వాలి. ప్రభుత్వ సాయం తీసుకునే ప్రతి కార్ల కంపెనీకీ ముందు ఈ షరతు పెట్టాలి.