ఫోన్ ట్యాపింగ్‌ను తనిఖీ చేసేది ఎవరు?

ఉగ్రవాద నిరోధం పేరుతో పోలీసులు ఎవరి ఫోనైనా వినవచ్చా, వారిని తనిఖీ చేసేవారు ఉన్నారా అని కొందరు అడిగారు. హైదరాబాదులో ఒక ప్రైవేటు టెలికాం సంస్థలో ఫోన్లు వినడానికి ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వులను స్వీకరించే నోడల్ విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను కనుక, అక్కడ చూసినది, చదివి తెలుసుకున్నది చెబుతాను.

మాటలు వినాలంటే కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి ఉత్తర్వు కావాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని సెక్షన్ 5(2), 1996లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు పెట్టిన షరతులు, వాటిని అనుసరించి 2007లో టెలిగ్రాఫ్ నిబంధనల్లో వచ్చిన రూల్ 419ఎ మాకు ఆధారంగా ఉండేవి. 2024 డిసెంబరులో కొత్త నిబంధనలు వచ్చినా చట్రం దాదాపు అదే. ఉత్తర్వు గడువు 60 రోజులు, ఎన్నిసార్లు పొడిగించినా 180 రోజులు దాటరాదు.

ఎస్‌ఐ స్థాయికి తగ్గని అధికారి సీలు వేసిన కవరు తెచ్చేవారు. సంతకం, తేదీ, నంబరులోని పది అంకెలు సరిచూసి, రెండు గంటల్లోగా అందినట్లు లేఖ ఇచ్చి, పదిహేను రోజులకొకసారి ఆ నంబర్ల జాబితాను ధ్రువీకరణకు పంపేవాళ్లం. ఆ నంబరు ఎవరిది, ఎందుకు వింటున్నారు అని అడిగే అధికారం మాత్రం మాకు లేదు.

ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారన్న కాల్ వివరాల సంగతి వేరు. వాటికి హోం కార్యదర్శి దాకా వెళ్లనక్కరలేదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన తర్వాత ఆ ప్రాంతపు టవర్ల డంప్, అంటే ఆ సమయంలో ఆ టవర్ల పరిధిలో ఉన్న ఫోన్ నంబర్లన్నిటి జాబితా, తీసి ఇచ్చే పనిలో నేనూ ఉన్నాను. ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడినవారు, పుస్తకాలు కొనుక్కోవడానికి వచ్చిన విద్యార్థులు, గాయపడినవారు, అందరి నంబర్లూ అందులో ఉంటాయి. అది అవసరమైన పని అనే అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఉగ్రవాదుల ఆచూకీకి నిఘా అక్కరలేదనేవారితో నేను ఏకీభవించను.

నా ఆందోళన తనిఖీ గురించి. ఉత్తర్వు ఇచ్చేది ప్రభుత్వాధికారి, దానిని సమీక్షించే సంఘంలో ఉండేదీ ప్రభుత్వ కార్యదర్శులే. న్యాయమూర్తి ఎక్కడా లేరు. కేంద్ర సమీక్షా సంఘం రెండు నెలలకొకసారి కూర్చుని, ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులను చూడవలసి వస్తోందని వ్యక్తిగత డేటా పరిరక్షణపై వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లోనే రాసింది. ఒక్కో ఉత్తర్వుకు ఎన్ని క్షణాలు దక్కుతాయో మీరే లెక్క వేసుకోండి. తెలంగాణలో మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి ఉన్న పోలీసు నిఘా విభాగం ఎస్‌ఐబీని రాజకీయ నాయకుల ఫోన్లు వినడానికి వాడారని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని 2024 మార్చిలో కేసు నమోదైంది. నిజానిజాలు కోర్టు తేల్చాలి. అయితే అటువంటి ఆరోపణ ప్రభుత్వం మారాక గాని కేసుగా రాకపోవడమే సమీక్ష ఎంత బలహీనమో చెబుతోంది.

మీ ఫోను వింటున్నారని మీకు చెప్పవలసిన బాధ్యత చట్టప్రకారం ఎవరికీ లేదు. 2019లో వినీత్ కుమార్ కేసులో బొంబాయి హైకోర్టు, లంచం ఆరోపణపై విచారణకు ప్రజా భద్రత పేరుతో ట్యాపింగ్ చేయడం చెల్లదని ఉత్తర్వులను కొట్టివేసి, ఆ రికార్డింగులను నాశనం చేయమన్నది. ఆయన కోర్టుకు వెళ్లగలిగింది, ఆ సంభాషణలను కేసులో ఆయనకు వ్యతిరేకంగా వాడుకోబోయినందువల్లనే. కేసు దాకా రాని ఫోన్ల యజమానులకు ఆ అవకాశం లేదు. నోటీసు ఇవ్వాలన్న నిబంధన 2024 రూల్స్‌లోనూ చేరలేదు.