ఉపగ్రహ కొలతలతో వాతావరణ అధ్యయనం: సాఫ్ట్‌వేర్ కోర్సు సరిపోతుందా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరంలో భౌతికశాస్త్రం చదువుతున్నాను. ఉపగ్రహాలు, విమానాల కొలతలతో వాతావరణాన్ని, కాలుష్యాన్ని అధ్యయనం చేసే రంగంలో స్థిరపడాలని ఉంది. రిమోట్ సెన్సింగ్ సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తే సరిపోతుందా?

జవాబు: ఆ కోర్సు ఉపయోగపడుతుంది కానీ, మీరు కోరుకునే పనికి అదొక్కటే చాలదు. అంతకంటే గట్టి పునాది మీ భౌతికశాస్త్రంలోనే ఉంది కాబట్టి, దాన్ని పక్కన పెట్టవద్దని నా సలహా.

ఉపగ్రహం వాయువులను నేరుగా కొలవదు. 2017 అక్టోబరులో ప్రయోగించిన యూరప్ ఉపగ్రహం సెంటినెల్-5పీలోని ట్రోపోమీ పరికరం, సుమారు 824 కిలోమీటర్ల ఎత్తు నుంచి, భూమి వెనక్కి పంపే సూర్యకాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా నమోదు చేస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్, మీథేన్ వంటి వాయువుల్లో ప్రతిదీ తనకంటూ కొన్ని తరంగదైర్ఘ్యాల వద్ద కాంతిని శోషించుకుంటుంది. అక్కడ తగ్గిన కాంతిని బట్టి ఆ వాయువు ఎంత ఉందో లెక్కగట్టాలి. మేఘాలు, ధూళి, నేల వెనక్కి పంపే కాంతి, వాయువు ఏ ఎత్తులో ఎంత ఉండవచ్చన్న ముందస్తు అంచనా, ఇవన్నీ ఆ లెక్కలో కలిసే ఉంటాయి. రంగుల పటం తయారు చేయడం కొద్ది రోజుల్లో వస్తుంది. ఆ పటంలో ఎర్రగా కనిపించే చోట నిజంగా కాలుష్యం ఉందా, లేక లెక్కలో ఏదైనా తేడా వచ్చిందా అని చెప్పగలగడానికి మాత్రం ఏళ్ల చదువు కావాలి. పరిశోధన సంస్థలు వెతికేది ఆ రెండో సామర్థ్యం ఉన్నవారినే.

విమానాల అవసరం కూడా ఇక్కడే తెలుస్తుంది. అంటార్కిటికాపై ఓజోన్ తీవ్రంగా తగ్గుతోందని 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు నేలపై నుంచి చేసిన కొలతలతో ప్రకటించగా, అది ఎంత విస్తీర్ణంలో జరుగుతోందో ఉపగ్రహాలు చూపాయి. కారణం మీద మాత్రం వాదాలు సాగాయి. 1987లో చిలీలోని పుంటా అరెనాస్ నుంచి బయలుదేరిన నాసా ఈఆర్-2 విమానం ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌లోకి వెళ్లి అక్కడి గాలినే కొలిచింది. క్లోరిన్ మోనాక్సైడ్ పెరిగిన చోటే ఓజోన్ పడిపోయిందని జేమ్స్ ఆండర్సన్ బృందం పరికరం నమోదు చేయడంతో ఓజోన్ తగ్గడంలో క్లోరిన్ పాత్రకు బలమైన రుజువు దొరికింది. విద్యార్థులు ఈ ఒక్క అధ్యయనాన్ని లోతుగా చదివినా, ఏ కొలత ఏ ప్రశ్నకు జవాబు ఇస్తుందో అర్థమవుతుందని నా నమ్మకం.

ఇప్పటి నుంచి ఆప్టిక్స్, స్పెక్ట్రోస్కోపీ, ఉష్ణగతికశాస్త్రం శ్రద్ధగా చదవండి. గణితంలో లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత తప్పనిసరి. పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ఉపగ్రహ డేటా ఉండే నెట్‌సీడీఎఫ్ ఫైళ్లను చదవడం అలవాటు చేసుకోండి. పీజీకి వాతావరణ శాస్త్రమైనా, భౌతికశాస్త్రమైనా, రిమోట్ సెన్సింగ్ అయినా ఫర్వాలేదు కానీ, చేరే ముందు సిలబస్‌లో రేడియేటివ్ ట్రాన్స్‌ఫర్, అంటే వాతావరణం గుండా కాంతి ఎలా ప్రయాణిస్తుందో చెప్పే పాఠం, ఉందో లేదో చూడండి. అది లేని కోర్సు మీ లక్ష్యానికి దగ్గరి దారి కాదు. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ అవసరమవుతుంది. డేటా ప్రాసెసింగ్, కొలతలను సరిపోల్చడం వంటి పనులకు, మీథేన్ లీకేజీలను ఉపగ్రహాలతో గుర్తించే జీహెచ్‌జీశాట్ వంటి సంస్థల్లో కొన్ని ఉద్యోగాలకు పీజీ సరిపోవచ్చు.

పీజీలో చేరేదాకా ఆగకుండా ఈ సెలవుల్లోనే ఒక చిన్న పని మొదలుపెట్టండి. ట్రోపోమీ డేటా ఉచితంగా దొరుకుతుంది. ఏదైనా ఒక పెద్ద నగరానికి ఏడాది పాటు నమోదైన నైట్రోజన్ డయాక్సైడ్ విలువలు తీసుకుని, ఫైలులోనే ఉండే నాణ్యత సూచిక 0.75 కంటే ఎక్కువ ఉన్నవాటినే ఉంచి, నేలపై ఉన్న పర్యవేక్షణ కేంద్రం కొలతలతో పోల్చండి. రెండూ ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు, ఎందుకంటే ఉపగ్రహం చెప్పేది నేల నుంచి పైదాకా నిలువుగా ఉన్న గాలిలోని మొత్తం వాయువు గురించి, కేంద్రం చెప్పేది మనం పీల్చే ఎత్తులోని గాలి గురించి. ఏ నెలల్లో తేడా పెరిగింది, ఎందుకు పెరిగి ఉండవచ్చు అన్నది నాలుగు పేజీల్లో రాసి, పీజీ దరఖాస్తుతో పాటు జతచేయండి.