న్యూరోసైన్స్‌లోకి వెళితే మందుల పరిశోధనకు దూరమవుతామా?

ఎం.ఫార్మసీలో ఫార్మకాలజీ (మందులు శరీరంలో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం) ముగిస్తున్న మీరు, పీహెచ్‌డీకి మెదడు, నరాల శాస్త్రమైన న్యూరోసైన్స్ తీసుకుంటే కొత్త మందుల పరిశోధనకు దూరమవుతానేమోనని అడిగారు. అదే సబ్జెక్టు చదివి, ఏళ్ల తరబడి బోధించిన అనుభవంతో చెబుతున్నాను: దూరం కారు. ఇందుకు స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ జీవితాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు.

1950ల మధ్యలో ఆయన అమెరికాలోని బెథెస్డాలో, బెర్నార్డ్ బ్రోడీ ప్రయోగశాలలో కొన్ని నెలలు పనిచేశారు. రిసర్పిన్ ఇస్తే మెదడులో సెరటోనిన్ (నాడీకణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం) నిల్వలు తరిగిపోతాయని తేల్చింది ఆ ప్రయోగశాలే. రిసర్పిన్ అంటే మన సర్పగంధి వేరులోని మందే. రక్తపోటుకూ, మానసిక వ్యాధులకూ అప్పట్లో విరివిగా వాడేవారు. స్వదేశానికి తిరిగివెళ్లిన కార్ల్‌సన్ 1957లో, రిసర్పిన్ ప్రభావంతో కదలిక లేకుండా పడివున్న కుందేళ్లకు ఎల్-డోపా (మెదడులో డోపమిన్‌గా మారే పదార్థం) ఇవ్వగా, అవి కాసేపటికే లేచి తిరిగాయి. అయితే వాటి మెదడులో నోరడ్రెనలిన్ అనే మరో సంకేత రసాయనం పెరగలేదు, పెరిగింది డోపమిన్. అంతవరకు నోరడ్రెనలిన్ తయారీలో మధ్య మజిలీగా మాత్రమే చూసిన ఆ పదార్థాన్ని మెదడులో కొలిచే పద్ధతిని ఆయన బృందమే రూపొందించి 1958లో ప్రకటించింది.

ల్యాబులో రిసర్పిన్ ఇచ్చిన ఎలుకను నేను చూశాను. కనురెప్పలు వాలిపోయి, వీపు గూనిలా వంగి, వేలితో నెట్టినా అడుగు వేయదు. ఎల్-డోపా పనిచేయడం మొదలయ్యాక అదే ఎలుక ముందు మూతి కదిపి వాసన చూస్తుంది, ఆ తర్వాత నడుస్తుంది. మెదడు రసాయనం గురించి ఎన్ని పాఠాలు విన్నా కలగని నమ్మకం నాకు ఆ దృశ్యంతో కలిగింది.

ఆ తర్వాత వియన్నాలో హార్నికీవిచ్ అనే శాస్త్రవేత్త బృందం, కదలికలు మందగించే పార్కిన్సన్ వ్యాధి రోగుల మెదళ్లలో డోపమిన్ లోటును 1960లో చూపింది. 1967లో కోట్జియాస్ అనే వైద్యుడు అధిక మోతాదుల డోపాతో ఆ వ్యాధికి చికిత్సను నిలబెట్టారు. (ఎల్-డోపాను దూలగొండి గింజల నుంచి మద్రాసులో దామోదరన్, రామస్వామి 1937లోనే వేరుచేశారు. ఈ సంగతి మన పాఠాల్లో ఉండాలని నా కోరిక.)

మీ ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరి ఘట్టం దీని తర్వాతిది. డిప్రెషన్‌కు వాడే పాత మందులు సెరటోనిన్ తిరిగి నాడీకణాల్లోకి చేరకుండా అడ్డుకుంటాయని గమనించిన కార్ల్‌సన్, ఆ ఒక్క పని మాత్రమే చేసే మందు కోసం ఆస్ట్రా కంపెనీ రసాయన శాస్త్రవేత్తలతో కలిసి, బ్రోమ్‌ఫెనిరమిన్ అనే అలర్జీ మందు నిర్మాణాన్ని ఆధారం చేసుకుని జిమెలిడిన్‌ను రూపొందించారు. 1982లో మార్కెట్లోకి వచ్చిన ఆ మందును, కొందరు రోగుల్లో గిలాన్-బారె సిండ్రోమ్ (నరాలు దెబ్బతిని కండరాలు బలహీనపడే వ్యాధి) కనబడటంతో మరుసటి ఏడాదే ఉపసంహరించారు. అయినా ఆ ఆలోచన తప్పు కాదని అదే తీరులో పనిచేసే ఫ్లుయాక్సెటిన్ వంటి డిప్రెషన్ మందులు రుజువు చేశాయి. 2000లో కార్ల్‌సన్‌తో పాటు నోబెల్ పంచుకున్న పాల్ గ్రీన్‌గార్డ్ సైతం తొలి రోజుల్లో గైగీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలలో పనిచేసి, తర్వాత విశ్వవిద్యాలయానికి వెళ్లినవారే.

కాబట్టి విభాగం పేరు చూసి నిర్ణయించుకోకండి. దరఖాస్తు చేసే ముందు ఆ ప్రయోగశాలలో దేన్ని, ఏ పరికరంతో కొలుస్తారో, మందు ఇచ్చిన జంతువు ప్రవర్తనను కూడా అక్కడే పరిశీలిస్తారో లేదో గైడ్‌ను నేరుగా అడగండి. రెండూ ఒకే చోట నేర్పే గైడ్ దొరికితే, స్టైపెండ్ కాస్త తక్కువైనా అక్కడే చేరండి.