ఇద్దరు నాయకుల భార్యల పోటీ మీద నాటకం వేస్తే కేసు పడుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, హైదరాబాద్‌లో మాదో చిన్న నాటక బృందం. 1935లో న్యూయార్క్‌లో ఆడిన ‘ఫస్ట్ లేడీ’ అనే కామెడీని తెలుగులో రాసుకుని, ఇక్కడి రాజకీయ కుటుంబాల్లో జరిగినట్టు మార్చాం. టికెట్ పెట్టి ఆడదామని. డల్లాస్‌లో మనవాళ్ళు కూడా వేస్తామంటున్నారు, యూట్యూబ్‌లో పెట్టాలని కూడా ఉంది. పర్మిషన్ కావాలా? పైగా మాకు తెలిసిన ఇద్దరు నాయకుల భార్యలకి నిజంగానే పడదు, పాత్రలు అచ్చం వాళ్ళేనని రిహార్సల్ చూసినవాళ్ళు అంటున్నారు.

జవాబు: కాపీరైట్ సంగతి తేలిక, ముందు అది చెప్పేస్తా. ఈ నాటకం కాథరిన్ డేటన్, జార్జ్ కాఫ్‌మన్ కలిసి రాశారు. మన చట్టంలో ఇద్దరు కలిసి రాస్తే ఆఖరున పోయినవాళ్ళ నుంచి 60 ఏళ్ళు. కాఫ్‌మన్ పోయింది 1961లో, కాబట్టి 2021తో ఇక్కడ గడువు అయిపోయింది, టికెట్ పెట్టి ఆడినా కాపీరైట్ కోసం ఎవర్నీ అడగక్కర్లేదు. అమెరికాలో మాత్రం ఆ కాలం రచనలకి పబ్లిష్ అయిన దగ్గర్నుంచి 95 ఏళ్ళు, కనీసం 2030 చివరిదాకా హక్కులున్నట్టే లెక్కేసుకుని డల్లాస్ వాళ్ళు లైసెన్స్ తీసుకున్నాకే ఆడాలి. యూట్యూబ్ అక్కడా కనబడుతుంది కదా, అందుకే నాటకం మొత్తం పెట్టొద్దు.

నాకు భయమేస్తున్నది రెండో డౌట్ గురించే. పేరు మార్చాం కదా అంటే కోర్టు ఊరుకోదు, చూసినవాళ్ళు ‘ఈవిడ ఫలానా ఆవిడే’ అని గుర్తుపడితే చాలు. భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 356వ సెక్షన్ కింద పరువు నష్టానికి రెండేళ్ళదాకా జైలు పడొచ్చు, సివిల్ దావా వేరే, షో ముందురోజు స్టే తెచ్చినా తేవచ్చు. మంత్రి పనిని విమర్శిస్తే మీకు కొంత రక్షణ ఉంది గానీ ఆయన భార్య ఏ పదవిలోనూ లేదు, ఆవిడ కాపురం ఆవిడ సొంత విషయం, 1994లో ఆటో శంకర్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా గట్టిగానే చెప్పింది. అసలు నాటకంలో పోటీపడే ఇద్దరు భార్యల్లో ఒకరైన లూసీ పాత్రకి అమెరికా ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ కూతురు ఆలిస్ లాంగ్‌వర్త్ మూలమని అందరూ అంటారు, 1929లో విందుల్లో ఎవరు ముందు కూర్చోవాలని వైస్ ప్రెసిడెంట్ చెల్లెలితో గొడవపడిన ఆవిడే. అయినా రచయితలు ప్రెసిడెంట్ కూతుర్ని మనవరాలిగా మార్చారు, కుట్రంతా సొంతంగా అల్లారు. మీరూ అలాగే చెయ్యండి, మీ స్క్రిప్టులో ఆవిడ ముక్కుపుడక, ఊతపదం, కారు రంగు లాంటివి ఉంటే ఇవాళే తీసేయండి, మొగుడి శాఖ కూడా మార్చేయండి. ‘పాత్రలు కల్పితం’ అన్న ఒక్క లైను మిమ్మల్ని కాపాడదు.

ఇంకోటి, ఇది మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. నాటకం చివర లూసీతో పోటీపడే ఐరీన్‌కి విదేశీ రాకుమారుడితో జరిగిన మొదటి పెళ్ళి విడాకులు చెల్లవని తేలుతుంది కదా, దాన్ని మన చట్టంలోకి తేవడం చాలా సులువు. తిరుపతిలో పెళ్ళి చేసుకున్న ఒకాయన అమెరికాలో మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుని, ఇక్కడికొచ్చి యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, 1991లో సుప్రీంకోర్టు ఆ డిక్రీ ఇక్కడ చెల్లదంది. ఆయన నిజంగా అక్కడ స్థిరపడలేదు, విడాకులకి చూపిన కారణం కూడా హిందూ వివాహ చట్టంలో లేనిది. ఇది తీర్పుల్లో అచ్చయిన సంగతి, మీరు నిశ్చింతగా వాడుకోండి, మీ ఐరీన్‌కి ఒక అమెరికా డిక్రీ చేతికిస్తే సరిపోతుంది, పేర్లు మాత్రం ఆ కేసువాళ్ళవి పెట్టకండి.

తెలుగు స్క్రిప్టు మీద కాపీరైట్ రాసినవాళ్ళది, బృందానిది కాదు. టికెట్ డబ్బులు రాకముందే వాళ్ళతో ఒక కాగితం రాయించుకోండి, ఎన్ని షోలు, డల్లాస్‌కి ఇవ్వొచ్చా లేదా అన్నీ అందులో ఉండాలి.